పడవ ప్రమాదంలో గాయపడితే నష్టపరిహారం ఎలా పొందాలి

రోడ్డు మీద లారీయో బస్సో ఢీకొని ఎవరైనా గాయపడితే ఏం చేయాలో మన ఊళ్లలో దాదాపు అందరికీ తెలుసు. పోలీసు కేసు నమోదవుతుంది, బండికి బీమా ఉంటుంది, జిల్లా కోర్టులో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఉంటుంది, ఆ కేసులే చూసే వకీళ్లూ ఉంటారు. అదే గాయం పడవ మీద తగిలితే ఈ ఏర్పాటులో చాలా భాగం అక్కరకు రాదు. మోటారు వాహనాల చట్టం రోడ్డు మీద నడిచే వాహనాలకే వర్తిస్తుంది గనుక, ఎంత పెద్ద ఇంజన్ ఉన్న లాంచీ అయినా ఆ ట్రిబ్యునల్ పరిధిలోకి రాదు. ఈ సంగతి తెలియక కొన్ని నెలలు వృథా చేసుకుంటే, అప్పటికి సాక్షులు చెదిరిపోతారు, పడవ మరమ్మతు అయిపోతుంది, అసలు దాన్ని నడిపించింది ఎవరన్నదే వివాదంగా మారుతుంది. పడవ కేసుల్లో బాధ్యత ఎవరిదో రుజువు చేసే భారం ఎక్కువగా బాధితుడి మీదే పడుతుంది కాబట్టి, ప్రమాదం జరిగిన మొదటి వారం రోజుల్లో మీరు చేసే పనులే తర్వాతి కేసుకు పునాది అవుతాయి.

నాగార్జునసాగర్ నుంచి నాగార్జునకొండకూ శ్రీశైలానికీ వెళ్లే లాంచీలు, శివరాత్రికి ఏలేశ్వరం గట్టుకు భక్తులను చేరవేసే పడవలు, నేరేడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీ దగ్గర సెలవు రోజుల్లో షికారుకు తిప్పే మర పడవలు, కొల్లాపూర్ దగ్గరి సోమశిల రేవు, మక్తల్ వైపు పంచదేవ్‌పహాడ్ నుంచి కురువపురానికి దాటించే పుట్టీలు, మహబూబ్‌నగర్ మినీ ట్యాంక్‌బండ్ మీది బోటింగ్, ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను. 2007 జనవరిలో కొల్లాపూర్ మండలం మంచాలకట్ట ప్రాంతంలో కృష్ణలో పడవ మునిగి అరవై మంది వరకు చనిపోయిన ఘోరాన్ని ఆ చుట్టుపక్కల ఊళ్లు ఇంకా మరచిపోలేదు. అయితే కేసు వేయడానికి పడవ మునగనక్కర లేదు. రేవులో చెక్క జారి కాలు విరిగినా, ఇంజన్ పంకా రెక్క తగిలి చేయి తెగినా, రెండు పడవలు రాసుకుని వేళ్లు నలిగినా, వర్తించే సూత్రాలు ఇవే.

మొదటి పని: ఆసుపత్రికి వెళ్లండి, బాగానే ఉన్నామనిపించినా సరే

నీళ్లు మింగి బయటపడిన మనిషి ఒడ్డున లేచి కూర్చుని మామూలుగా మాట్లాడినా, ఊపిరితిత్తుల్లోకి చేరిన నీటి వల్ల కొన్ని గంటల తర్వాత శ్వాస అందకపోయే ప్రమాదం ఉంది. అందువల్ల 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లడం ముందు ప్రాణం కోసం, ఆ తర్వాతే కేసు కోసం. డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పండి. ఏ రేవు, ఏ పడవ, ఎన్ని గంటలకు, ఎలా పడ్డారు అన్న నాలుగు విషయాలూ చీటీలో రాయించుకోండి. దీన్ని మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన గాయం కేసుగా, నమోదు చేయమని గట్టిగా అడగండి. "నీళ్లలో జారిపడ్డాడు" అని మాత్రమే రాసిన చీటీ తర్వాత ఎదుటి పక్షానికి ఆయుధమవుతుంది. పేషెంటు ఈతకు దిగి పడ్డాడని వాదించడానికి అది చాలు. ఆసుపత్రి బిల్లులు, మందుల రసీదులు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితం అన్నీ అసలు ప్రతులతో ఒకే సంచిలో దాచండి. ఆరోగ్యశ్రీ కింద వైద్యం జరిగినా ఆ కాగితాలు కావాలి, ఎందుకంటే గాయం ఎంత తీవ్రమైనదో చెప్పేది అవే.

రెండో పని: పోలీసు ఫిర్యాదు

కృష్ణ మన దగ్గర చాలా దూరం రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దుగా పారుతుంది. సోమశిల దగ్గర ఎక్కిన పడవ ఆవలి ఒడ్డున నంద్యాల జిల్లాలో ప్రమాదానికి గురి కావచ్చు, సాగర్‌లో ఎక్కిన లాంచీ పల్నాడు జిల్లా నీటిలో ఆగిపోవచ్చు. "ఇది మా పరిధి కాదు, అవతలి స్టేషన్‌కు వెళ్లండి" అన్న మాట వినిపిస్తే వెనుదిరగకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఎఫ్‌ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో నిరాకరిస్తే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించే హక్కు ఉంది.

ఫిర్యాదులో వాస్తవాలు రాస్తే చాలు, సెక్షన్లు రాయాల్సిన అవసరం లేదు. అయినా ఏవి వర్తిస్తాయో తెలిసి ఉంటే ఏ వాస్తవం ముఖ్యమో అర్థమవుతుంది. భారతీయ న్యాయ సంహిత 282వ సెక్షన్ పడవను దుడుకుగా, నిర్లక్ష్యంగా నడపడం గురించి చెబుతుంది. 284వ సెక్షన్ కిరాయికి మనుషులను ఎక్కించుకున్న పడవ ప్రమాదకరమైన స్థితిలో ఉండటం లేదా మోయగలిగిన దానికి మించి బరువు ఎక్కించడం గురించి చెబుతుంది. నిర్లక్ష్యం వల్ల తగిలిన గాయాలకు 125వ సెక్షన్, మరణానికి 106వ సెక్షన్ వర్తిస్తాయి. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. కాబట్టి పడవలో ఎంతమంది ఉన్నారు, లైఫ్ జాకెట్లు ఎన్ని ఇచ్చారు, గాలి వానా ఎలా ఉన్నాయి, సరంగు (పడవ నడిపేవాడు) తాగి ఉన్నాడా, చీకటి పడ్డాక బయలుదేరారా అన్నవి ఫిర్యాదులో తప్పక ఉండాలి. ఒక్క విషయం గుర్తుంచుకోండి: క్రిమినల్ కేసు దోషిని శిక్షించడానికి ఉద్దేశించినది. అందులో కోర్టు బాధితుడికి కొంత పరిహారం ఇప్పించవచ్చు గానీ, మీ పూర్తి నష్టం రాబట్టుకోవడానికి వేరే కేసు వేయాల్సిందే. క్రిమినల్ కేసు తేలేదాకా ఆగుదామని కూర్చుంటే గడువు దాటిపోతుంది.

మూడో పని: ఆ పడవ వెనుక ఎవరెవరున్నారో తేల్చుకోండి

ఇదే అన్నిటికంటే కష్టమైన పని, ఎక్కువ మంది విడిచిపెట్టే పని కూడా. కళ్లకు కనిపించేది సరంగు ఒక్కడే. అతని మీద కేసు గెలిచినా చేతికి వచ్చేది ఏమీ ఉండదు, అతనూ రోజు కూలికి పనిచేసేవాడే అయి ఉంటాడు. చట్టం మాత్రం అతని దగ్గర ఆగదు. పనివాడు పనిలో భాగంగా చేసిన నిర్లక్ష్యానికి యజమాని బాధ్యుడు. పడవ ఒకరిది, దాన్ని లీజుకు తీసుకుని నడిపేది మరొకరు, టికెట్లు అమ్మేది ఇంకొకరు, షికారును తమ ప్యాకేజీలో కలిపి అమ్మింది ఒక రిసార్టో ట్రావెల్ ఏజెంటో అయితే, వీళ్లందరినీ ఎదుటి పక్షాలుగా చేర్చవచ్చు, చేర్చాలి కూడా. ఎవరి వాటా ఎంతో తేల్చే పని కోర్టుది. నీటి వనరు మీద అధికారం ఉండి పడవకు అనుమతి ఇచ్చిన ప్రభుత్వ శాఖ లేదా కార్పొరేషన్, తనిఖీ చేయాల్సి ఉండి చేయలేదని చూపగలిగితే, వారినీ చేర్చవచ్చు.

విహారయాత్రకు తీసుకెళ్లిన పాఠశాల, కళాశాల యాజమాన్యాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1995 మే నెలలో హిమాచల్ ప్రాంతంలో బియాస్ నది ఒడ్డుకు పిక్నిక్‌కు వెళ్లిన ఒక ప్రైవేటు పాఠశాల పిల్లలు 14 మంది నీట మునిగి చనిపోయారు. వెంట వెళ్లిన ఉపాధ్యాయుల నిర్లక్ష్యానికి పాఠశాల యాజమాన్యమే బాధ్యత వహించాలని, ఒక్కొక్క పిల్లవాడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని హైకోర్టు చెప్పగా, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అదే బియాస్‌లో 2014 జూన్‌లో డ్యామ్ నుంచి వదిలిన నీటికి హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన కేసులో, హిమాచల్ హైకోర్టు ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయలు ఇవ్వాలని ఆదేశించి, ఆ భారాన్ని ఒక్కరి మీదే పెట్టకుండా విద్యుత్ బోర్డు, కళాశాల, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య పంచింది. అది పడవ ప్రమాదం కాకపోయినా, నీటి దగ్గర పిల్లల భద్రతను మీద వేసుకున్న వారి బాధ్యత ఎంతవరకు పోతుందో తెలుసుకోవడానికి మన తల్లిదండ్రులకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

యజమాని ఎవరో తెలుసుకోవడం ఎలా? ఇంజన్‌తో నడిచే పడవలకు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా ఉండాలి. నడిపేవారికి అర్హత పత్రం ఉండాలి. పుట్టీ, నాటు పడవ లాంటి యంత్రం లేని వాటికి ఆ చట్టంలోనే విడిగా ఒక అధ్యాయం ఉంది. పడవ మీద నంబరు ఉంటే రాసుకోండి, లేకపోతే లేదన్న సంగతినే ఫొటో తీయండి. రిజిస్ట్రేషన్ లేకుండా నడపడమే నిర్లక్ష్యానికి బలమైన రుజువు. తర్వాత సమాచార హక్కు చట్టం కింద ఆ జలాశయం మీద పడవలు నడపడానికి ఎవరికి, ఏ షరతులతో అనుమతి ఇచ్చారు, లీజు ఒప్పందం నకలు, రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా పాలసీల నకళ్లు, చివరి తనిఖీ నివేదిక ఇవ్వమని దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబు 30 రోజుల్లో రావాలి. అనుమతే లేదని జవాబు వస్తే నిరాశ పడకండి, మీ కేసుకు అది బలం.

నాలుగో పని: రుజువులు

టికెట్ దొరకలేదని చాలామంది కేసు ఆలోచనే మానుకుంటారు. అది సరికాదు. ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపు వివరం ఉంటే అదే రసీదు. నగదు ఇచ్చి ఉంటే తోటి ప్రయాణికుల వాంగ్మూలం సరిపోతుంది. డబ్బు మీరు స్వయంగా ఇవ్వకపోయినా, బృందంలో ఒకరు అందరి తరఫున కట్టినా, సేవ పొందిన ప్రతి ఒక్కరూ వినియోగదారులే. తోటి ప్రయాణికుల పేర్లు, ఫోన్ నంబర్లు ఆ రోజే రాసుకోండి, ఎందుకంటే ఏ హైదరాబాద్ నుంచో వచ్చిన వారిని మళ్లీ పట్టుకోవడం కష్టం. ఫొటోలు, వీడియోలు తీసిన అసలు ఫోన్‌ను అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జత చేయాలి, వాట్సాప్‌లో నాలుగు చేతులు మారిన వీడియోకు అది ఇవ్వడం కష్టమవుతుంది.

ఎదుటి పక్షం నుంచి రెండు వాదనలు తప్పకుండా వస్తాయి. ఒకటి, "సొంత బాధ్యతపై ప్రయాణిస్తున్నాను" అని మీరు చీటీ మీద సంతకం పెట్టారన్నది. అలాంటి సంతకం నీటి మీద సహజంగా ఉండే చిన్నాచితకా ఇబ్బందులకు ఒప్పుకున్నట్టు అవుతుందేమో గానీ, ఇరవై మంది పట్టే పడవలో నలభై మందిని ఎక్కించిన నిర్లక్ష్యాన్ని మాఫీ చేసినట్టు కాదు. రెండోది, లైఫ్ జాకెట్ ఇచ్చినా మీరు వేసుకోలేదన్నది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అది నిజమైతే మీ సొంత నిర్లక్ష్యం కింద పరిహారంలో కొంత కోత పడవచ్చు. అయితే జాకెట్లు చాలినన్ని ఉన్నాయా, పిల్లల సైజువి ఉన్నాయా, బకిల్ పనిచేసేదేనా, అందరూ వేసుకునేదాకా పడవ కదపకుండా ఆగారా అని మీరు ఎదురు ప్రశ్న వేయాలి. వేసుకోని వారిని ఎక్కించుకుని బయలుదేరడం కూడా నడిపేవారి తప్పే.

ఐదో పని: ఎక్కడ కేసు వేయాలి

డబ్బు చెల్లించి పడవ ఎక్కిన వారికి నా సలహా జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ప్రమాదం ఆంధ్ర వైపు జరిగినా, పడవ యజమాని ఎక్కడివాడైనా, నల్లగొండ వారు నల్లగొండ కమిషన్‌లోనూ పాలమూరు వారు మహబూబ్‌నగర్ కమిషన్‌లోనూ వేయవచ్చు. పరిధిని లెక్కించేది మీరు కోరే పరిహారాన్ని బట్టి కాదు, సేవకు చెల్లించిన మొత్తాన్ని బట్టి. అది 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషనే, 5 లక్షల లోపు అయితే ఫీజే లేదు. కొన్ని వందల రూపాయల పడవ టికెట్‌కు ఈ నియమం ఎంత మేలో ఊహించండి: ముప్పై లక్షల పరిహారం అడిగినా ఒక్క రూపాయి ఫీజు కట్టనక్కర లేదు. వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయవచ్చు, సందేహాలకు 1915 నంబరు ఉంది. చనిపోయిన వారి తరఫున వారసులు, మైనర్ల తరఫున తల్లిదండ్రులు వేయవచ్చు. గడువు రెండేళ్లు.

పడవ ప్రయాణం ఉచితమైతే, లేదా మీరు ఒడ్డున స్నానం చేస్తుండగా పడవ వచ్చి తగిలితే, మీరు వినియోగదారులు కారు. అప్పుడు సివిల్ కోర్టులో దావా వేయాలి. మరణానికి 1855 నాటి ఫాటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద వేసే దావాకు గడువు మరణం నాటి నుంచి రెండేళ్లు. గాయాలకు సాధారణంగా మూడేళ్లు అయినా, ప్రభుత్వ శాఖ ఎదుటి పక్షమైతే ఏడాది గడువే వర్తిస్తుందన్న వాదన రావచ్చు కాబట్టి, ఏడాది దాటనివ్వకుండా వేయడం క్షేమం. ప్రభుత్వం మీద వేసే దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. సివిల్ కోర్టులో అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ఉంటుంది. అది భరించలేని వారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించండి. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, సామూహిక విపత్తు బాధితులు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఫోన్ నంబరు 15100.

పడవ మీద పనిచేసే సరంగు, క్లీనర్ గాయపడితే దారి వేరు. వారు పనిలో గాయపడిన కార్మికులు గనుక కార్మిక శాఖ ద్వారా యజమాని నుంచి పరిహారం కోరవచ్చు, అక్కడ యజమాని తప్పును రుజువు చేయాల్సిన పని లేదు. మత్స్యకార సొసైటీ సభ్యులు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఉన్న సామూహిక ప్రమాద బీమాలో తమ పేరు ఉందో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో ఇప్పుడే చూసుకోవాలి. మరణానికి లేదా శాశ్వత పూర్తి వైకల్యానికి 5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి రెండున్నర లక్షలు అందులో ఉన్నాయి.

ఆరో పని: ఎంత అడగాలి

తోచిన అంకె వేయకండి, లెక్క కట్టి చూపండి. రోడ్డు ప్రమాదాల కోసం సుప్రీంకోర్టు 2009లోనూ 2017లోనూ స్థిరపరచిన పద్ధతిని ఇతర ప్రమాదాల్లో కూడా న్యాయస్థానాలు ఆధారంగా తీసుకుంటూ ఉంటాయి. ఉదాహరణకు, నెలకు 15,000 సంపాదించే 34 ఏళ్ల మేస్త్రీ పడవ మునిగి చనిపోయాడు, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడి ఉన్నారు అనుకుందాం. ఏడాదికి 1,80,000. నలభై ఏళ్ల లోపు వాడు, సొంతంగా పని చేసుకునేవాడు గనుక భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 2,52,000. ఆధారపడ్డవారు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసేస్తే 1,89,000. ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది నష్టాన్ని హెచ్చించాల్సిన అంకె, 16. మొత్తం 30,24,000 రూపాయలు. దానికి అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లలు కోల్పోయిన తోడు కింద వచ్చే మొత్తాలు చేరతాయి.

బతికి బయటపడిన వారి విషయంలో సొంత ఖర్చు కోత ఉండదు. వైద్యం ఖర్చు, పని చేయలేని నెలల ఆదాయం, ఆసుపత్రికి తిరిగిన రవాణా, వెంట ఉన్నవారి కూలి నష్టం, నొప్పి, ఇక ముందు చేయించుకోవాల్సిన ఆపరేషన్ అన్నీ విడివిడిగా రాయాలి. శాశ్వత వైకల్యం మిగిలితే మెడికల్ బోర్డు ధ్రువపత్రం తీసుకోండి. అయితే ఆ శాతమే అంతిమం కాదు. ఆ గాయం మీ వృత్తిని ఎంత దెబ్బతీసిందన్నదే అసలు లెక్క. మోకాలు వంగని గుమాస్తా ఉద్యోగం సాగుతుంది, మోకాలు వంగని తాపీ మేస్త్రీకి పరంజా ఎక్కే పని పూర్తిగా పోతుంది. ఈ తేడాను వివరించి రాయకపోతే ఎవరూ దాన్ని తమంతట ఊహించి ఇవ్వరు. ఆదాయానికి కాగితాలు లేని కూలీలు మేస్త్రీ లేదా కాంట్రాక్టరు ఇచ్చే ధ్రువీకరణ, బ్యాంకు ఖాతా వివరాలు, ఉపాధి హామీ జాబ్ కార్డు జత చేయాలి.

ఏడో పని: నోటీసు, రాజీ, తీర్పు

ఫిర్యాదుకు ముందు అందరు ఎదుటి పక్షాలకూ, బీమా కంపెనీకీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఈ దశలోనే పెద్దమనుషులు ఇంటికి వస్తారు, పంచాయితీ పెడతారు, ఆసుపత్రి ఖర్చులంటూ కొంత నగదు చేతిలో పెడతారు. తీసుకోవడం తప్పు కాదు, కుటుంబం గడవాలి. కానీ "ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు" అన్న మాట ఉన్న కాగితం మీద సంతకం చేయకండి, ఖాళీ స్టాంపు కాగితం మీద అసలే చేయకండి. "మధ్యంతర వైద్య ఖర్చుల నిమిత్తం ముట్టినది" అని మీ చేత్తో రాసి ఇవ్వండి. ప్రభుత్వం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా తీసుకున్నంత మాత్రాన కేసు వేసే హక్కు పోదు.

కమిషన్‌లో ఎదుటి పక్షం 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, గరిష్ఠంగా మరో 15 రోజులు పొడిగించవచ్చు, అంతకు మించి వీల్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది. ఆ తేదీ దాటితే మీరే గుర్తుచేసి నమోదు చేయించండి. తీర్పు మీకు అనుకూలంగా వచ్చాక వారు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు గానీ, చెల్లించాలన్న మొత్తంలో సగం ముందుగా జమ చేస్తేనే ఆ అప్పీలు స్వీకరిస్తారు. అప్పీలూ చేయకుండా డబ్బూ ఇవ్వకుండా తిప్పుతుంటే అదే జిల్లా కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. వినియోగదారుల రక్షణ చట్టంలో ఆస్తి జప్తుకు 71వ సెక్షన్, శిక్షకు 72వ సెక్షన్ ఉన్నాయి. ఆదేశాన్ని పాటించని వారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే అధికారం కమిషన్‌కు ఉంది.